లోపలి తాలు

నిచ్చెన మీద నిలబడి కోటేశ్వరి బైండింగ్ వైరుకు ఇంకో మెలిక వేసింది. కొమ్మ కిర్రుమంది. చెయ్యి ఆపి చూసింది. విరగలేదు. గేటు వైపు నుంచి లాగి తెచ్చిన పచ్చటి కొమ్మ, మేడ వైపున్న బొక్కకు అడ్డంగా నిలబడింది. దగ్గర నుంచి చూస్తే అతుకు తెలుస్తుంది గాని, మేడ మీద కిటికీలో నుంచి చూసే మనిషికి తెలియదని ఆమె నమ్మకం. కొన్ని నెలలుగా ఆమె పొద్దు ఆ నమ్మకంతోనే మొదలవుతోంది.

మార్టూరు దాటాక హైవే పక్కన వరసగా ఉన్న గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీల్లో ఇది చివరిది. వెనక షెడ్లు, ముందు యజమానుల మేడ, మేడకూ గేటుకూ నడుమ ఈ చెట్టు. రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లు దీన్ని సర్వి చెట్టు అంటారు. ఫ్యాక్టరీలో పనివాళ్ళు క్రిస్మస్ చెట్టు అంటారు. రెండూ తప్పేనని, ఇది సైప్రస్ అని పెద్దాయన వెంకటనారాయణ గారు ఒకప్పుడు ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పేవారు. ఓపిక అయిపోయాక కేకలేసి చెప్పేవారు. కోటేశ్వరి మొదటిసారికే నేర్చుకుంది. ఆమె నోట్లో అది సైపరసు. బిగించి కట్టి నిలబెట్టిన చొప్పమోపులా ఉండేది చెట్టు, కొస సన్నగా, నడుము నిండుగా, మేడ కంటే ఎత్తున. వెనక షెడ్లలో రాయి కోసే దుమ్ము గాలికి లేచి దాని మీద తెల్లగా పేరుకునేది. వారానికోసారి పైపుతో కడిగితే మళ్ళీ నల్లటి పచ్చరంగుకు తిరిగేది. ఆ రంగు ఈ చుట్టుపక్కల పత్తి చేలల్లో గాని, మిరప తోటల్లో గాని ఎక్కడా కనబడదు.

ఇప్పుడు దానికి రెండు వైపులా బొక్కలున్నాయి. గేటు వైపు బొక్కలో నుంచి మనిషి తల దూర్చి చూడొచ్చు.

నిచ్చెన దిగే ముందు ఆమె రోజూ చేసే పని ఇంకొకటి ఉంది. రెమ్మల్ని పక్కకు నెట్టి, లోపల తాను కోసిన మోళ్ళను ఒక్కొక్కటే తడుముతుంది. బొటనవేలి గోరుతో బెరడు గీకుతుంది. గీకిన చోట పచ్చగా, తడిగా కనబడుతుంది. అది చూసి ప్రాణం లేచొస్తుంది. ఆ పక్కనే చిగురు కోసం వెతుకుతుంది. చిగురుండదు. వేపను మోడు కొట్టినా నెల తిరక్కుండా ఎర్రగా చిగురిస్తుంది. మునగ సంగతి చెప్పనే అక్కర్లేదు, విరిచి పారేసిన కొమ్మ కూడా దిబ్బ మీద ఆకులేస్తుంది. చింత, తుమ్మ, గానుగ, ఆమె ఎరిగిన చెట్లన్నీ అంతే. ప్రాణమున్న చెట్టు చిగురెయ్యకుండా ఎట్లా ఉంటుంది? ఎండాకాలం పోనిస్తే వేస్తుందనుకుంది. వానలు పడితే వేస్తుందనుకుంది. వానలు పడ్డాయి, పోయాయి. పొగమంచు వచ్చింది. ఆమె గోరు మాత్రం అరిగింది.

"అక్కా, ఆ నిచ్చెన కాస్త పక్కకు తీద్దూ. కారు తిప్పుకోవాల."

డ్రైవరు ఖాజావలి బకెట్టూ గుడ్డా పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి ఖాజా?"

"గుంటూరు. పెద్దాయన్ని ఆస్పత్రికి తీసకపోవాల. రాత్రంతా ఆయాసమేనంట. అమ్మగారు ఫోన్లో బెడ్డు మాట్లాడేశారు."

"కిందికెట్టా దించుతారు?"

"కుర్చీలో కూచోబెట్టి. నేనూ, షెడ్డులోంచి ఇంకొకళ్ళూ. ఎక్కువ బరువేం లేడులే ఇప్పుడు."

కోటేశ్వరి నిచ్చెన మడిచి గోడకు ఆనించింది. గేటు దగ్గర ఆగి ఉన్న కారునూ, మేడ మెట్లనూ, మధ్యలో చెట్టునూ చూసింది. కారు మెట్ల దాకా రాదు. దారికి అడ్డంగా చెట్టు దిబ్బ ఉంది. నల్లరేగడిలో నీళ్ళు నిలబడి వేళ్ళు కుళ్ళుతాయని పెద్దాయనే ఎన్నో ఏళ్ళ కిందట రాతి ముక్కలూ ఎర్రమట్టీ పోయించి ఆ దిబ్బ ఎత్తించారు. కారు మెట్ల దాకా రాదని ఇంట్లోవాళ్ళు మొత్తుకుంటే, మీరే కారు దాకా నడవండి అన్నారు. ఆ మాట అన్న మనిషిని ఇవాళ కుర్చీలో మోసుకుని చెట్టు చుట్టూ తిప్పి, గేటు దగ్గరికి తేవాలి. కారులో కూర్చోబెట్టేటప్పుడు ఆయన ముఖం చెట్టు వైపే ఉంటుంది. అది గేటు వైపు. బొక్క తెరుచుకుని ఉన్న వైపు.

ఆమె కొళాయి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఒకే కొమ్మ. మేడ వైపు కడితే గేటు వైపు బట్టబయలు. గేటు వైపు కడితే, కిటికీలో కూర్చున్న మనిషికి చెట్టు నడుములో నుంచి హైవే మీద లారీలు కనబడతాయి.

*

రోజూ మేడ మీద గదులు ఊడ్చే పని కూడా కోటేశ్వరిదే. చీపురు పట్టుకుని వెళ్ళేసరికి వెంకటనారాయణ గారు కిటికీ దగ్గర కుర్చీలో, వీపు వెనక రెండు దిండ్లతో కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడటం లేదని అలాగే కూర్చోబెట్టారు. కాళ్ళకు నీరు దిగింది. పాదాలు మెరుస్తున్నాయి. మెట్లు దిగి ఎన్నాళ్ళయిందో ఇంట్లో అందరూ మర్చిపోయారు గాని, కోటేశ్వరికి గుర్తుంది. ఆయన దిగడం మానేసిన వేసవిలోనే ఆమె చెట్టులో చెయ్యి పెట్టింది.

"చెట్టుకు నీళ్ళు పెట్టావా?" అన్నారు. రోజూ అడిగేదే.

"పెట్టానయ్యగారు."

"మొదట్లోనా?"

"మొదట్లో కాదయ్యగారు. చుట్టూ కాలవలోనే."

ఇది వాళ్ళిద్దరికీ పాఠం అప్పజెప్పినట్టు. నీళ్ళు మొదలుకు తగలకూడదు. పొద్దు వాలాకో, పొద్దెక్కక ముందో తప్ప పెట్టకూడదు. ఆకు మీద ఎండలో నీళ్ళు చల్లకూడదు. రాయి అమ్మకం పని మీద బెంగుళూరు వెళ్ళి, అక్కడ ఎవరి తోటలోనో ఈ చెట్ల వరస చూసి మనసు పడి, నాలుగు మొక్కలు గోనెల్లో చుట్టి లారీ క్యాబిన్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారాయన. చలి దేశపు మొక్క రోహిణీ కార్తె ఎండకు నిలుస్తుందా అని ఊరంతా నవ్వింది. మొదటిది నల్లమట్టిలో కుళ్ళిపోయింది. రెండోది ఎండకు మాడింది. మూడోదాని మీదికి రాయి కోసిన బురద నీళ్ళు పారాయి. నాలుగోదానికి దిబ్బ ఎత్తించి, పడమటి పక్క తాటాకు దడి కట్టించి, వేసవంతా మొదలుకు తడిగోనె చుట్టించి బతికించారు. ఆ గోనె తడిపిన చేతులు కోటేశ్వరివే.

"ఇవాళ కిందికి వస్తన్నాగా," అన్నారు పెద్దాయన. మధ్యలో ఊపిరి కోసం ఆగి, "దగ్గరగా చూస్తా," అన్నారు.

కోటేశ్వరి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

"ఎండ పడిద్దయ్యగారు మీ ముఖాన. తిన్నగా కార్లోకి పోవటం మంచిది."

ఆయన ఆమె వైపు తిరిగి చూశారు. మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. అంతలో కోడలు మాధవీలత ఫోను చెవిన పెట్టుకునే లోపలికొచ్చి, ఒంగోలులో ఉన్న భర్త గోపాలకృష్ణకు ఎటు నుంచి ఎటు రావాలో చెబుతూ, చేత్తోనే కోటేశ్వరికి బయటికి నడవమని సైగ చేసింది. ఆ పిల్ల చెడ్డది కాదు. ఇల్లూ, ఫ్యాక్టరీ ఆఫీసూ, మామగారి మందులూ, అన్నీ తనే చూసుకోవాలి. చెట్టు సంగతి పట్టించుకునే తీరిక ఆమెకు ఏనాడూ లేదు.

అసలు ఏరమన్న మాట ముందు అన్నది మాధవీలతే. పోయిన వేసవిలో ఓ పొద్దున గేటు వైపు రెండు రెమ్మలు ఎండి కనబడితే, "ఎండింది ఏరెయ్ కోటేశ్వరీ, రాయి కొనే పార్టీలు వస్తే బాగోదు," అని కారెక్కి వెళ్ళిపోయింది. కోటేశ్వరి ఆ రెండు రెమ్మలూ తుంచింది. తుంచుతూ లోపలికి చూసింది.

లోపలంతా ఎండిపోయి ఉంది. పైన జానెడు మందాన పచ్చదనం, దాని వెనక మొదలు దాకా ఎక్కడ చూసినా గోధుమ రంగే. చెయ్యి తగిలితే పొడిపొడిగా రాలింది.

కోటేశ్వరిది ప్రత్తిపాడు పక్క ఊరు. నడక వచ్చిన దగ్గర నుంచీ మిరపకాయల మధ్యే పెరిగింది. కళ్ళాల్లో తాలు ఏరేది. పెళ్ళయ్యాక గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లోనూ తాలే ఏరింది. ఎర్రటి కాయల రాశిలో తెల్లబడినదీ, మచ్చపడినదీ, మెత్తబడినదీ తాలు. పైన కనబడేది ఏరడం ఎవరైనా చేస్తారు, రాశి కడుపులోకి చెయ్యి పోనిచ్చి అడుగున దాగినదాన్ని పట్టుకోవడమే పని. ఒక్క మెత్తకాయ లోపల ఉండిపోతే బస్తా కట్టిన టిక్కీ మొత్తం బూజు పడుతుంది. ఆమె ఏరిన టిక్కీలో వెతికినా తాలు దొరకదని మేస్త్రీలు చెప్పుకునేవాళ్ళు. మనిషి జీవితంలో గర్వపడటానికి ఏదో ఒకటి ఉండాలి గదా, ఆమెకు అది ఉంది.

మొగుడు పానకాలుకు మిరప ఘాటు పడేది కాదు. దగ్గుతో ప్రాణం విసిగి, రాయి పని మేలనుకుని మార్టూరు వచ్చాడు. ఆమె ఈ మేడలో పనికి కుదిరితే, అతను చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో పాలిషింగు మిషన్ల మీద పని చేశాడు. పైకి నిక్షేపంలా ఉండేవాడు, ఛాతీ విరుచుకుని నడిచేవాడు. ఒకరోజు మెట్టెక్కుతూ ఆయాసపడి కూర్చున్నాడు. డాక్టరు ఎక్సురే ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టి చూపించి, "లోపలంతా పోయిందమ్మా, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అన్నాడు. ఏం చేస్తున్నారంటే ఏం చెబుతుంది? మనిషి లోపలికి ఎవరు చూడగలరు? పానకాలు ఎక్కువకాలం ఉండలేదు. అతను పోయాక ఆమెను పిలిచి, "ఎక్కడికీ పోకు. ఈ చెట్టును చూసుకో, చాలు," అన్నది వెంకటనారాయణ గారే. గోడవారగా ఒక గది కూడా ఇచ్చారు.

అందుకని చెట్టు కడుపులో ఆ ఎండు చూడగానే ఆమెకు ఒకటే తోచింది. ఈసారి ఆలస్యం చెయ్యకూడదు. నిచ్చెన వేసుకుంది. ఏరింది. ఎండాకాలమంతా ఏరింది. కొసన పచ్చగా ఉండి మొదట్లో బోడిగా ఉన్న రెమ్మలు కనబడితే, ఇవి కూడా నిలిచేవి కావని కత్తెరతో కోసింది. సంచులకు సంచులు దిగింది తాలు. పని అయ్యేసరికి చెట్టు లోపల తుడిచి పెట్టినంత శుభ్రంగా ఉంది. ఆ రోజు ఆమె తృప్తిగా అన్నం తిన్నది.

తొలకరి గాలికి చెట్టు తెరుచుకుంది. లోపల ఆసరా పోయిన పచ్చరెమ్మలు తలో పక్కకూ వాలిపోయాయి. వాలినవి మళ్ళీ లేవలేదు.

*

పెద్దాయన స్నానానికి వేళయింది. మాధవీలత ఆయన గది కిటికీ పరదా లాగడం కోటేశ్వరి కింద నుంచి చూసింది. ఇదే అదను. పరదా తీసేలోపు ఆయన్ని తయారు చేసి కిందికి తెచ్చేస్తారు. మళ్ళీ కిటికీలో నుంచి చూసే పని ఉండదు. మేడ వైపు బొక్క ఎంత పెద్దదైనా ఇక ఫర్వాలేదు. గేటు వైపు కప్పితే చాలు.

నిచ్చెన ఎక్కి వైరు మెలికలు విప్పబోయింది. విప్పితే రాలేదు. కొమ్మ లావెక్కి వైరును మింగేసింది. బెరడు రెండు పెదవుల్లా వైరు మీద మూసుకుంది. పటకారుతో కొసలు తుంచి, కొమ్మను గేటు వైపుకు నెట్టింది. కదల్లేదు. నెలల తరబడి వంగి వంగి, వంకరగానే గట్టిపడింది. నిచ్చెన మీంచి ఒంగి, భుజం ఆనించి, మొత్తం బరువు వేసి నెట్టింది. 'కాస్త రావే,' అంది పళ్ళ బిగువున.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిబట్ట చింపినట్టు అయ్యి, కొమ్మ ఆమె చేతుల్లోకి వచ్చేసింది. కర్పూరమూ చింతపండూ కలిసినట్టు ఘాటైన వాసన ముఖానికి కొట్టింది. విరిగిన చోట ఇంత పచ్చగా, ఇంత తడిగా ఉంది.

వైరు ముక్క ఒకటి మాత్రం లోపలి బోదెకు కట్టు కట్టినట్టే ఉండిపోయింది.

ఆమె కొమ్మను పట్టుకుని కిందికి దిగింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గోడ వెనక దాద్దామా అనుకుంది. కొమ్మ ఆమె కంటే పొడుగుంది. నిలబడిన చోటే నిలబడిపోయింది. మెట్ల మీద ఖాజావలి గొంతు వినబడింది. "మెల్లిగా, ఇటు వంచు, ఇటు వంచు."

కుర్చీ దిగి వచ్చింది. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీలో, తెల్ల చొక్కాలో, తల దువ్వించుకుని పెద్దాయన. షెడ్డు పనివాడొకడు వెనక, ఖాజావలి ముందు. చెట్టు దిబ్బ చుట్టూ తిరిగి గేటు దగ్గరికి వచ్చాక ఆయన చెయ్యి ఎత్తారు. వాళ్ళు కుర్చీ దించారు. ఆయన చెట్టును చూశారు. రెండు బొక్కలూ ఒక దాని వెనక ఒకటి వచ్చి, మధ్యలో నుంచి మేడ గోడ తెల్లగా కనబడుతోంది. తరవాత, కొమ్మ పట్టుకుని నిలబడిన కోటేశ్వరిని చూశారు.

"తెగులయ్యగారు," అందామె. "లోపలంతా ఎండిపోయింది. మీకు చెప్పలేదు. ఏరేశాను గాని ఆగలేదయ్యా."

"తెగులు కాదమ్మాయ్."

ఊపిరి కోసం ఆగారు. మాధవీలత కారు తలుపు తీసి పట్టుకుని, "మామయ్యగారూ, లేటవుతుంది," అంది. ఆయన వినిపించుకోలేదు.

"దాని లోపల ఎప్పుడూ అంతే. వెలుతురు తగలక ఎండే ఉంటది. పైన పచ్చగా ఉన్నంతకాలం దానికేం కాదు. లోపల చెయ్యి పెట్టకూడదు. అంతే."

కోటేశ్వరికి ఆ మాటలు చెవిలో పడ్డాయి గాని లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. దిగాక, పట్టుకున్న కొమ్మ బరువెక్కింది.

"అంటే, నేనేనా అయ్యగారు?"

"నేను చెప్పి ఉండాల్సింది," అన్నారు పెద్దాయన. "నీళ్ళ సంగతి వెయ్యిసార్లు చెప్పా. ఈ ఒక్క ముక్కా చెప్పలా."

"చిగురేస్తదయ్యా. గోరుతో గీకి చూస్తన్నా రోజూ. పచ్చగానే ఉంది."

"చూస్తన్నావని తెలుసు. పైనుంచి కనబడతనే ఉందిగా. పొద్దున్నే ఎండ పడగానే వైరు మెరిసేది నా కళ్ళల్లోకి."

ఆమె మేడ మీది కిటికీ వైపు తలెత్తి చూసింది.

"మొదట చూసినప్పుడు కోపమొచ్చింది. పిలిచి తిడదామంటే ఆ రోజు గొంతు రాలా. మర్నాడు చూస్తే నువ్వు మళ్ళీ నిచ్చెనెక్కి కట్టుకుంటన్నావు. సరే కట్టుకోనీ అనుకున్నా." ఆయన నవ్వబోతే ఆయాసం వచ్చింది. ఖాజావలి వీపు నిమిరాడు. తేరుకున్నాక నెమ్మదిగా అన్నారు. "పచ్చగానే ఉంటది కోటేశ్వరీ. చిగురు మాత్రం రాదు. దాని జాతే అంత. బోడి అయిన చోట మళ్ళీ వెయ్యదు."

"వానకి కూడానా?"

"వానకి కూడా."

ఆయన చెయ్యి చాపారు. ఆమె కొమ్మ కొసన ఓ రెమ్మ తుంచి ఇచ్చింది. వాసన చూసి, ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళు ఆయన్ని ఎత్తి కారులో కూర్చోబెట్టారు. తలుపు పడింది. కారు హైవే ఎక్కి, చిలకలూరిపేట వైపు పోయే పత్తి లారీల మధ్య కలిసిపోయింది. చెట్టు కింద ఖాళీ కుర్చీని షెడ్డు పనివాడు తలమీద బోర్లించుకుని వెళ్ళిపోయాడు.

*

మధ్యాహ్నం కోటేశ్వరి అన్నం గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. మనిషికి దుఃఖం వస్తే ఏడవొచ్చు. తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. ఏడవటానికి ఎవరూ పోలేదు, దిద్దటానికి దారి లేదు, కాళ్ళు పట్టుకుందామంటే ఆయన తప్పు తనదే అని చెప్పి వెళ్ళారు. తిట్టినా బాగుండేది అనుకుంది. ఇన్నాళ్ళూ తెగులనుకుని దాన్ని తిట్టుకుంటూ నిద్రపోయేది. ఇప్పుడు ఆ తెగులు తన రెండు చేతులే. వాటిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. మిరపకాయల రంగు పట్టి, అది ఎప్పుడో పోయి, ఇప్పుడు చెట్టు జిగురుకు నల్లబడిన వేళ్ళు.

ఊరికే ఉండలేక లేచింది. విరిగిన కొమ్మను తెచ్చి మోడుకు ఆనించి, గుడ్డపీలికతో చుట్టి చూసింది. నిలబడింది. చెయ్యి తీయగానే వాలింది. మళ్ళీ కట్టింది. అది పనికిరాని పని అని తెలుసు. తెలిసే కట్టింది. సాయంత్రానికి ఆ ఆకు వాడిపోతుందని కూడా తెలుసు. మూడోసారి వాలాక గుడ్డ విప్పేసి, కొమ్మను గోడవారన పడుకోబెట్టింది.

పొద్దు వాలుతుండగా కాలవలో నీళ్ళు వదిలింది. మొదలుకు తగలకుండా మట్టి ఎగదోసింది. ఎవరూ అడగకపోయినా, "చుట్టూ కాలవలోనే అయ్యగారు," అని గొణిగింది.

అప్పుడు మిషన్లు ఆగిపోయాయి. పొద్దున మొదలైతే రాత్రి దాకా ఆగని రాయి కోత, చెవులకు అలవాటైపోయి వినబడనే వినబడని కోత, ఉన్నట్టుండి ఆగేసరికి గాలి బరువుగా అనిపించింది. కరెంటు పోయిందనుకుంది. గేటు గదిలో చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆమె పైపు చేతిలో పట్టుకుని ఆ ఫ్యాను వంకే చూస్తూ నిలబడింది. నీళ్ళు కాలవ నిండి దారి మీదికి పారాయి.

షెడ్ల వైపు నుంచి సూపర్‌వైజరు మాలిక్ వచ్చాడు. నెత్తి మీది తుండుగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పెద్దాయన పోయారంట. పేట దాటారో లేదో, కార్లోనే. నిద్రపోతన్నారనుకున్నాడంట ఖాజా. ఆస్పత్రికి తీసకపోయి చూపిస్తే ఎప్పుడో పోయాడన్నారంట. కాగితాలయ్యాక ఇప్పుడే కబురు చేశారు."

కోటేశ్వరి కొళాయి కట్టేసింది.

"గోపాలకృష్ణ గారు గుంటూరులో బయల్దేరారు. చీకటి పడేలోపు తెచ్చేస్తారు. ముందంతా శుభ్రం చెయ్యి. జనం వస్తారు, షామియానా వెయ్యాల." మాలిక్ దారికి అడ్డంగా ఉన్న దిబ్బనూ, చెట్టునూ కొలుస్తున్నట్టు చూశాడు. "ఇది అడ్డం వచ్చిద్ది. ఎట్టాగూ పోయిందేగా. పని అయిపోయాక అమ్మగారితో చెప్పి కొట్టించేద్దాం."

"అది పోలేదు మాలిక్. లోపల పచ్చగానే ఉంది," అంది కోటేశ్వరి.

అతని ఫోను మోగింది. షామియానా వాళ్ళతో మాట్లాడుతూ గేటు వైపు నడిచాడు.

ఆమె చీపురు తెచ్చి మెట్ల దగ్గర నుంచి ఊడవడం మొదలుపెట్టింది. రాతి దుమ్ము, పొద్దున రాలిన రెమ్మలు, కుర్చీ కాళ్ళు దిగబడిన గుర్తులు. కుర్చీ గుర్తుల దగ్గరికి వచ్చి, వాటిని వదిలేసి చుట్టూ ఊడ్చింది. తరవాత, జనం వస్తారు గదా అని, వాటినీ ఊడ్చేసింది. చెట్టు కిందికి వచ్చేసరికి ఒక ఎండు రెమ్మ బొక్క అంచున వేలాడుతూ కనబడింది. చెయ్యి దానంతటది లేచి లోపలికి పోయింది. వేళ్ళు ఎండును పట్టుకున్నాయి కూడా. అక్కడే ఆగిపోయింది. రెమ్మను తుంచకుండా, పక్క రెమ్మలు కదలకుండా, చేతిని మెల్లిగా వెనక్కి తీసుకుంది.

తీసుకుని, తల చెట్టుకు ఆనించి ఏడ్చింది. ఆయన కోసమో, పానకాలు కోసమో, చెట్టు కోసమో విడదీసి చెప్పడం ఆమె వల్ల కూడా కాదు.

గేటు బయట షామియానా బండి వచ్చి ఆగింది. కర్రలు దింపుతున్న చప్పుడు. కోటేశ్వరి కళ్ళు తుడుచుకుని, చీపురు తీసుకుని వాళ్ళకు దారి ఇచ్చింది. హైవే అవతలి పత్తి చేల మీదికి దిగిన ఎండ చెట్టు నడుములో నుంచి దూరి మేడ గోడ మీద పడుతోంది. లోపలి బోదెకు మిగిలిపోయిన బైండింగ్ వైరు ముక్క, పరదా వేసిన కిటికీకి ఎదురుగా, మెరుస్తూ ఉంది.